తులం బంగారం వెనక ఎంత పొగ?

(కోస్గిలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. బంగారం గురించి చెబుతానంటే నిర్వాహకుల్లో కొందరు ఆశ్చర్యపోయారు. కరువు ప్రాంతంలో బంగారం మాటేమిటి అన్నారు. కరువు ప్రాంతంలోనే ఆ మాట ఎక్కువ అవసరం. పాలమూరు నుంచి బొంబాయికో పూణేకో వలస బస్సెక్కే ముందు ఇంట్లో ఏది కుదువకు పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

గనిలో టన్ను రాయి పగలగొడితే దొరికే బంగారం కొద్ది గ్రాములే. ఆ రాయిని తవ్వాలి, పైకి లాగాలి, పిండిలా నూరాలి, సైనైడ్ కలిపిన నీళ్లలో నానబెట్టాలి. లోతు గనిలోకి గాలి పంపాలి, ఊరే నీటిని తోడాలి. అన్నిటికీ డీజిల్, కరెంటు కావాల్సిందే. గని కంపెనీలే పెట్టుకున్న సంస్థ వరల్డ్ గోల్డ్ కౌన్సిల్. అది 2019లో వేసిన లెక్కను బట్టి కొత్తగా తవ్విన ఒక్క గ్రాము బంగారానికి సుమారు 30 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తులానికి 300 కిలోలు! పాత నగ కరిగించి చేయిస్తే ఇందులో అతి స్వల్ప భాగమే అవుతుంది.

మనకు దగ్గరి గని హట్టి. కృష్ణ దాటితే రాయచూరు జిల్లా, అందులో లింగసుగూరు తాలూకా. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీగా నిజాం రాజ్యంలో మొదలైంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరుతో పాటు కన్నడ రాష్ట్రంలోకి పోయింది. దేశంలో గనుల నుంచి వచ్చే బంగారంలో అత్యధిక భాగం ఇప్పటికీ అక్కడిదే. అయినా అది ఏడాదికి ఒకటి రెండు టన్నులకు మించదు. దేశం కొనేది చాలా ఏళ్లుగా 700, 800 టన్నులు. అంటే మన పుస్తెల వెనకాల పొగ చాలావరకు ఏ ఆఫ్రికా దేశంలోనో, పెరూలోనో, ఆస్ట్రేలియాలోనో లేచిందన్నమాట.

అయితే హట్టి పొగ మాత్రం మనకు పరాయిది కాదు. ఆ గనికి కరెంటు కర్ణాటక గ్రిడ్ నుంచి వస్తుంది. ఆ గ్రిడ్‌కు చాలాకాలం ప్రధాన ఆధారం 1985లో మొదలైన రాయచూరు థర్మల్ కేంద్రం. అది శక్తినగర్‌లో, కృష్ణ ఒడ్డునే ఉంది. దాని పొగగొట్టాలు మన నారాయణపేట వైపు గట్టు మీది నుంచి కనిపిస్తాయి. అందులో కాలే బొగ్గులో కొంత మన సింగరేణిది. ఇటీవల కర్ణాటకలో సౌర, పవన విద్యుత్తు బాగా పెరిగిన మాట నిజమే. కానీ లోతు గనిలో పంపులూ ఫ్యాన్లూ రాత్రిపూట ఆగవు కదా.

ఇక లక్ష్యాల సంగతి. న్యూమాంట్, బారిక్ వంటి ప్రపంచ కంపెనీలు 2030 నాటికి ఉద్గారాలను 30 శాతం మేరకు తగ్గిస్తామని, 2050కి నికర సున్నాకు వస్తామని ప్రకటించాయి. మన ప్రభుత్వం 2021లో గ్లాస్గో సమావేశంలో 2070 అని చెప్పింది. ఇక్కడ సెబీ పెద్ద లిస్టెడ్ కంపెనీలను ఏటా ఉద్గారాల లెక్క చెప్పమంటోంది. హట్టి రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ, షేరు మార్కెట్లో లేదు. కనుక దానికి ఆ నిబంధన తగలదు. ప్రజల కంపెనీకి ప్రజలకు లెక్క చెప్పే బాధ్యత ఇంకా తక్కువన్నమాట!

నా అసలు అభ్యంతరం వేరే. ఈ లెక్కల్లో సున్నా అంటే ఏమిటో కోలార్‌ను చూస్తే తెలుస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన ఆ గని 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. ఆ రోజుతో ఆ గని తవ్వకం పొగ సున్నా! మిగిలినవి సైనైడ్ మట్టి దిబ్బలు, గాలి వీస్తే ఇళ్లలోకి వచ్చే ధూళి, పని కోసం రోజూ బెంగళూరు రైలెక్కే జనం. ఆ ధూళి ఊడ్చేది ఎవరు, దగ్గే పిల్లలను ఆస్పత్రికి తీసుకుపోయేది ఎవరు? ఆ పని ఏ పద్దులోనూ రాయరు. భూగర్భ గనిలో కూలికీ స్త్రీకి చాలాకాలం చోటు లేకపోయింది. 1952 గనుల చట్టం ఆమెను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో సడలించినప్పుడు కూడా అది సాంకేతిక, పర్యవేక్షక, మేనేజరు ఉద్యోగాలకే. కూలి తల్లికి కాదు.

మరోవైపు చదువుకున్న మిత్రులు కొందరు ‘ఆడవాళ్లు బంగారం మోజు మానితే సరి’ అంటారు. నాకు ఈ మాట వింటే కోపమొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతోనే కూతురికి ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది, దేశమంతటికీ 2005లో. పట్టా పుస్తకాల్లో ఎంతమంది పేర్లున్నాయో ఈ సభలోనే చేతులెత్తి చూసుకోవచ్చు. భూమి ఇవ్వని సమాజం గుండ్లూ కమ్మలూ ఇచ్చింది. కట్నంగా ఇచ్చిందాన్ని కూడా అత్తింటివాళ్లే దాచుకుంటారనుకోండి, అది వేరే పోరాటం. వానలు పోయిన ఏడు అప్పు పుట్టించేది అదొక్కటే. వాతావరణం చెడిపోతున్న కొద్దీ ఆమెకు బంగారం అవసరం పెరుగుతుంది. బంగారం తవ్వుతున్న కొద్దీ వాతావరణం మరింత చెడుతుంది. ఈ చిక్కుముడిని ఆమె మోజు అని కొట్టిపారేయడం పితృస్వామ్యపు పాత అలవాటే. ఆమె పేరున భూమి రాయించడం కూడా పొగ తగ్గించే పనేనని నేను వాదిస్తాను.

ఇప్పుడు కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరిలో ప్రైవేటు బంగారు గని వచ్చింది. రేపు మరోచోట రావచ్చు. ఇలాంటి పెద్ద గనికి 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన వేయాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. ఆ సభకు కోరం అక్కరలేదు. మనం నలుగురం వెళ్లకపోయినా సభ జరిగినట్టే లెక్క. అందుకని వెళ్లాలి. కరెంటు ఎక్కడిది, డీజిల్ ఎంత, తులానికి పొగెంత, మూసేశాక దిబ్బలను ఎన్నేళ్లు ఎవరు కాపాడతారు, నూరడానికి వాడే నీళ్లు ఏ బోర్లవి అని అడగండి. నోటితో అడిగి ఊరుకోక కాగితం మీద రాసి ఇవ్వండి. సభ చివర ఏమేం అడిగారో తెలుగులో చదివి వినిపించాలని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. అది చదివేదాకా లేవకండి.