ఆమె హృదయముతో మాట్లాడుట
(శతజయంతి వారోత్సవములలో కుటుంబ దినమున చదివిన ప్రసంగ పాఠము)



ఈ శతజయంతి వారములో ఒక సాయంకాలము కుటుంబములకు కేటాయించి, ఇల్లు విడిచి తిరిగిన భర్త మరల వచ్చి భార్యతో సమాధానపడుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును కోరినారు. మేము పండితులము కాము. మా పాస్టరేటులో ఆలుమగల తగవులు వచ్చినప్పుడు చాప మీద కూర్చుండి వినే పెద్దలము. కనుక మేము చూచినదే చెప్పెదము. అందులో మేము చేసిన తప్పు కూడ ఉన్నది. దానిని దాచుకొని పండుగ చేసికొనుట మాకు ఇష్టము లేదు.

మొదట వేదములోని ఒక కథను జ్ఞాపకము చేసెదము. న్యాయాధిపతుల గ్రంథము 19వ అధ్యాయము మన ఆరాధనలలో సాధారణముగా చదువబడదు. ఎఫ్రాయిము మన్యమందు నివసించిన ఒక లేవీయుని ఉపపత్ని అతనిని విడిచి యూదా బేత్లెహేములోని పుట్టింటికి వెళ్లిపోయెను. ఆమెయే దారి తప్పినదని మన తెలుగు బైబిలులో ఉన్నది. ఆమె అతని మీద కోపగించి వెళ్లినదని ఒక ప్రాచీన గ్రీకు పాఠము చెప్పుచున్నది. ఏది ఏమైనను నాలుగు నెలలు గడిచిన తరువాత అతడు ఒక పనివానిని, రెండు గాడిదలను వెంటబెట్టుకొని ఆమెను తీసికొని వచ్చుటకు బయలుదేరెను. ఎందుకు వెళ్లెనో గ్రంథము స్పష్టముగా చెప్పుచున్నది: ఆమెతో ప్రీతిగా మాట్లాడుటకు. హెబ్రీ భాషలో ఆ మాటకు ఆమె హృదయముతో మాట్లాడుట అని అర్థము.

ఎంత మంచి ఉద్దేశము! కాని తరువాత ఏమి జరిగినదో గమనించుడి. మామగారు అల్లుని చూచి సంతోషించెను. మూడు దినములు తిని త్రాగిరి. నాలుగవ దినమున వెళ్లబోగా మామ నిలిపెను. అయిదవ దినమున కూడ ప్రొద్దు వాలు వరకు నిలిపెను. ఇన్ని దినములలో అతడు ఆమెతో పలికిన మాట ఒక్కటియు వ్రాయబడలేదు. మాటలన్నియు మామా అల్లుళ్ల మధ్యనే జరిగెను. చీకటిపడు వేళకు గిబియా చేరిరి. ఆ రాత్రి ఆ ఊరి దుర్మార్గులు తలుపు తట్టగా, హృదయముతో మాట్లాడుటకు వెళ్లిన ఆ మనుష్యుడే తన్ను కాపాడుకొనుటకు ఆమెను బయటకు త్రోసెను. తెల్లవారి ఆమె గడప మీద చేతులుంచి పడియుండగా, అతడు లెమ్మనియు, వెళ్లుదమనియు మాత్రమే చెప్పెను. ఆ కథలో అతడు ఆమెతో మాట్లాడినట్లు వ్రాయబడినది అదొక్కటే. ఆమెనుండి జవాబు రాలేదు.

ఈ అధ్యాయమును మేము ఎన్నోసార్లు చదివినాము. మా సొంత తప్పు కనబడిన తరువాతనే అది మాకు అర్థమైనది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక లారీ డ్రైవరు ఉండెను. వారి అనుమతితోనే, పేర్లు చెప్పక, ఈ సంగతి చెప్పుచున్నాము. మొదట పదిహేను దినములకొకసారి ఇంటికి వచ్చేవాడు. తరువాత నెలకొకసారి, ఆ తరువాత పండుగకు మాత్రమే, చివరకు అదియు లేదు. దూరపు ఊరిలో మరియొక స్త్రీతో కాపురము పెట్టినాడనియు, ఒక ఆడపిల్ల కూడ పుట్టినదనియు కబురు తెలిసినది. ఇక్కడ భార్య కుట్టు మిషను మీద ఇద్దరు బిడ్డలను పెంచినది. ఆరు సంవత్సరములు గడిచినవి. ఒకనాడు అతడు చేతిలో సంచితో మా గురువుగారి ఇంటి వరండాలో కనబడి, “నన్ను నా ఇంటికి చేర్చండి అయ్యగారూ” అని ఏడ్చినాడు.

మేము సంతోషించినాము. తప్పిపోయిన కుమారుని కథ మాకు కంఠస్థము గదా! వెంటనే ఆమె అన్నను పిలిపించినాము. ఆయన ఇంటిలో కూర్చుండి, భోజనము చేసి, ప్రార్థించి, రాజీ కుదిర్చినాము. అతడు అందరి ముందర “తప్పయింది” అన్నాడు. ఆమె తలుపు వెనుక నిలిచియుండెను. “ఏమమ్మా, సరేనా?” అని లోపలివైపు ఒక మాట వేసినాము. జవాబు వినబడలేదు. మౌనమును అంగీకారముగా తీసికొన్నాము. ఇరువది దినములు తిరుగకముందే ఆమె బిడ్డలను, కుట్టు మిషనును తీసికొని అన్నగారి ఊరికి వెళ్లిపోయినది.

అప్పుడు మాలో కొందరము ఆమెను కఠినురాలని అనుకొన్నాము. క్షమింపని హృదయమని ఒక పెద్ద బహిరంగముగానే అన్నాడు. ప్రియులారా, ఆ మాటను బట్టి మేము ఈ వేదిక మీద సిగ్గుపడుచున్నాము. తప్పిపోయిన కుమారుని కథలో పరుగెత్తి వెళ్లినది తండ్రి తానే గాని, ఊరివారు అతనిని మెడపట్టి పరుగెత్తించలేదు.

అతని బంధువొకడు కోర్టుకు వెళ్లుమని సలహా ఇచ్చినాడు. క్రైస్తవులకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో, విడిపోయిన భార్యనో భర్తనో తిరిగి కాపురమునకు రమ్మని కోరుటకు వీలున్నది. కాని అట్టి డిక్రీ వచ్చినను, దానిని లెక్కచేయనివారి ఆస్తిని జప్తు చేయవచ్చునే గాని మనిషిని పట్టి తెచ్చి ఇంటిలో కూర్చుండబెట్టరు. ఆ చట్టమే చాలకాలము స్త్రీ విషయమై ఎంత పక్షపాతముగా ఉండెనో మన యువతులకు తెలియవలెను. భార్య వ్యభిచారము ఒక్కటి చూపి భర్త విడాకులు పొందగలిగేవాడు. భార్యకైతే అది చాలదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపెట్టుటయో, అట్టిది మరియొకటి రుజువు చేయవలసియుండెను. 2001లో చేసిన సవరణతో గాని ఈ భేదము పోలేదు. కోర్టు మాట విని గురువుగారు అతనితో ఇట్లన్నారు: “కాగితముతో తెచ్చుకున్న మనిషి నీకు అన్నము వండవచ్చు నాయనా, నీతో మాట్లాడదు.” అతడు ఆ ఆలోచన మానుకొన్నాడు.

ఆ సంవత్సరము కోత పండుగలో కానుకల వేలము జరుగుచుండగా, అతడు ఒక గుమ్మడికాయను పోటీపడి గొప్ప ధరకు పాడినాడు. అందరము చప్పట్లు కొట్టినాము. దానిని ఆమెకు పంపినాడు. మరునాడు కాయ తిరిగి వచ్చినది. “ఆ డబ్బుతో పిల్లాడి ఫీజు కట్టమని చెప్పండి” అని ఆమె కబురు.

అప్పుడే మాకు బుద్ధి వచ్చినది. గురువుగారి అమ్మగారును, వృద్ధురాలైన మా బైబిలు స్త్రీయును ఆమె యొద్దకు వెళ్లినారు. రాజీ మాట ఎత్తలేదు. రెండు సాయంకాలములు కుట్టు మిషను ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పినది విన్నారు. ఆమె చెప్పినది ఇది:

“నేను ఆయన్ని ఎప్పుడో క్షమించానమ్మా. క్షమించకపోతే నాకు రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు. క్షమించడానికి దేవుడూ నేనూ ఉంటే చాలు. కాపురానికి ఆయన కూడా ఉండాలిగా! తప్పయింది అన్నాడు. ఏ తప్పో ఒక్కటీ చెప్పలేదు. పాపకి జ్వరం వచ్చిన రాత్రి నా పుస్తెలు తాకట్టు పెట్టాను. ఆ సంగతి ఆయనకి తెలుసా? ఇంతమంది పెద్దలొచ్చారు, మా అన్నని అడిగారు. నన్ను అడిగినవాళ్లు ఎవరు?”

ఆమె మూడు సంగతులు కోరినది. మొదటిది, జరిగినది జరిగినట్లు తన ఎదుట, బిడ్డల ఎదుట చెప్పవలెను. రెండవది, ఆ ఆరేండ్లలో అన్న యొద్ద చేసిన అప్పును అతడే తీర్చవలెను. మూడవది విని మేము నిర్ఘాంతపోయినాము. “ఆ ఊళ్లో ఉన్న పిల్ల ఏ పాపం చేసింది? దానికి ప్రతి నెలా డబ్బు పంపాలి. ఆ పిల్లని కూడా వదిలేసి వచ్చేవాడైతే, రేపు మమ్మల్ని వదలడని నమ్మకమేమిటి?” అన్నది. మేము ఇన్ని దినములు కఠినురాలని అనుకొన్నది ఈ స్త్రీనే!

అతడు ఊరిలోనే రైసు మిల్లులో పనికి కుదిరి, అక్కగారి ఇంటి చావడిలో పండుకొనేవాడు. జరిగినది జరిగినట్లు చెప్పుటకు అతనికి మూడు ప్రయత్నములు పట్టినవి. మొదటిసారి స్నేహితుల మీద, రెండవసారి త్రాగుడు మీద వేసినాడు. మూడవసారి మాత్రము “నేను” అని మొదలుపెట్టినాడు. వారము వారము కూలిలో కొంత కుమార్తె చేతికి ఇచ్చేవాడు. మూడు నెలలు కాగానే “ఇంకా ఎంతకాలమండీ?” అని మమ్మును అడిగినాడు. మాకును ఓపిక తగ్గినది. ఆమెను అడిగితే, “ఆరేళ్లు నేను లెక్కపెట్టలేదు. ఆయన మూడు నెలలు లెక్కపెడుతున్నాడా?” అన్నది. ఆ మాట అతనికి చేర్చినాము. అతడు మరల అడుగలేదు.

యోసేపు చరిత్రను ఇక్కడ తలంచుకొనుడి. అన్నలు కరవులో ధాన్యమునకు వచ్చినప్పుడు అతడు వెంటనే కౌగిలించుకొనలేదు. చాటుకు వెళ్లి ఏడ్చెను గాని తన్ను తెలుపుకొనలేదు. వారు మారిరో లేదో చూచెను. తమ్ముని అమ్ముదమని చెప్పిన యూదాయే, ఈసారి చిన్నవాడైన బెన్యామీనుకు బదులు తానే దాసుడుగా ఉండెదనని ముందుకు వచ్చెను. అప్పుడు గాని యోసేపు తన్ను తెలుపుకొనలేదు. తండ్రి మరణించిన తరువాత అన్నలు భయపడగా, యోసేపు వారిని ఆదరించి, వారి హృదయముతో మాట్లాడెను. లేవీయుని కథలో ఉన్న ఆ హెబ్రీ మాటయే ఇక్కడ కూడ ఉన్నది. లేవీయుడు ఆ పనికి బయలుదేరి చేయలేదు. యోసేపు చేసెను. కాలము తీసికొని మారుటను చూచుట క్షమింపకపోవుట కాదని మేము నేర్చుకొన్నాము.

మూడవ కోత పండుగ నాటికి అన్నగారి అప్పు తీరినది. ఆమె తన ఇంటికి తిరిగి వచ్చి యుండెను. ఆ మధ్యాహ్నము ఆరాధన ముగిసిన తరువాత కుమారుడు మిల్లుకు వెళ్లి, “అమ్మ అన్నానికి రమ్మంటోంది” అన్నాడు. అతడు వరండాలోనే కూర్చుండి తిన్నాడు. లోపలికి పోవుటకు మరి ఎనిమిది నెలలు పట్టినది. ఈసారి మేము ఎవ్వరమును వెళ్లలేదు. భోజనము, ప్రార్థన, రాజీ ఏమియు జరుగలేదు. ఒక ఆదివారము వారిద్దరు ఒకే బల్ల మీద కూర్చుండియుండగా చూచి తెలిసికొన్నాము.

ప్రతి కథ ఇట్లు ముగియదు. మా సంఘములోనే మరియొక సహోదరి భర్త నిజముగా పశ్చాత్తాపపడినను, ఆమె తిరిగి రాలేనని చెప్పినది. ఆమెకు పడిన దెబ్బలు మేము చూచినవే. మేము ఆమెను బలవంతపెట్టలేదు; ప్రభువు బల్లకు దూరము చేయలేదు. కొట్టే ఇంటికి తిరిగి వెళ్లుమని చెప్పు అధికారము ఏ పెద్దకును లేదు. 2005 నాటి గృహహింస చట్టము ప్రకారము అట్టి స్త్రీకి రక్షణయు, తాను కాపురమున్న ఇంటిలో నివసించు హక్కును ఉన్నవి. ఈ సంగతి ప్రతి పాస్టరేటులోను చెప్పవలెను. ఆ భర్త నేటికిని బిడ్డలకు డబ్బు పంపుచున్నాడు. పశ్చాత్తాపము నిజమైనది గనుక, ఆమె రాకపోయినను అతడు మానలేదు.

తిరిగి రాగోరు సహోదరులతో మా మనవి ఇది: పెద్దలను పంపకముందు మీ తప్పును పేరుపెట్టి చెప్పుట నేర్చుకొనుడి. అప్పులు తీర్చుడి. గడువు మీరు పెట్టకుడి. సంఘ పెద్దలతో మా మనవి: భోజనమునకు కూర్చుండక ముందు తలుపు వెనుక నిలిచిన ఆమె యొద్దకు ఒక స్త్రీని పంపి, ఆమె చెప్పినదంతయు వినుడి.

మన దేవాలయములలో పాత వివాహ రిజిస్టరులు ఉన్నవి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వ్రాసిన ఆ పుటలలో వధూవరుల సంతకములు ఉన్నవి. చదువురాని మన తాతమ్మల గుర్తులును ఉన్నవి. ఆనాడు గురువుగారు వధువును కూడ సమ్మతి అడిగి, ఆమె నోట జవాబు విన్న తరువాతనే వ్రాసినారు. పెండ్లినాడు అడిగినట్లే, విడిపోయినవారిని కలుపునాడును ఆమెను అడుగుదము. ఆమె జవాబు చెప్పు వరకు కనిపెట్టియుందము. ప్రభువు మన కుటుంబములను దీవించును గాక. ఆమేన్.