గోడ పగలగొట్టించే ముందు



ఈ రోజు కొళాయిల గురించీ, నీళ్ల గొట్టాల గురించీ మీతో నాలుగు మాటలు చెప్పమన్నారు. వంటలూ ఊరగాయలూ అయితే సరేగాని, గొట్టాల సంగతి ఆడవాళ్లకెందుకమ్మా అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. రోజల్లా ఇంట్లో నీళ్లతో వేగేది ఎవరండీ? రాత్రి కొళాయి టప్పుటప్పుమంటే ముందు మెలకువ వచ్చేది మనకే, గోడకి చెమ్మ పడితే ముందు చూసేదీ మనమే. నేను మెట్రిక్ దాకా చదివినదాన్ని. ఇంజనీరింగు నాకు రాదు. మా ఇంట్లో వచ్చిన గొడవ పుణ్యమా అని నేర్చుకున్నదే చెబుతాను.

మేముండేది హైదరాబాదులో ఒక పాత అపార్టుమెంటు, రెండో అంతస్తు. మా కింద వాటాలో ఒక పిన్నిగారున్నారు. వరసకేమీ కాదు గానీ పదిహేనేళ్లుగా అలా పిలవడం అలవాటైపోయింది. కిందటేడు శ్రావణమాసంలో ఆవిడ పైకొచ్చి, "అమ్మాయ్, మీ స్నానాలగది గోడ వెంట నీళ్లు దిగి మా దేవుడి గూటి ముందు పడుతున్నాయి. కలశం పెట్టుకునే చోట గిన్నె పెట్టుకున్నానమ్మా" అన్నారు. వెళ్లి చూద్దును గదా, ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, చుక్కా చుక్కా గిన్నెలో పడుతోంది.

మేస్త్రీని పిలిచాం. చూసీ చూడగానే, "టైళ్ల సందుల్లోంచి దిగుతున్నాయండీ" అన్నాడు. సందులన్నీ వైట్ సిమెంటుతో నింపి నాలుగు వేలు పుచ్చుకున్నాడు. పది రోజులైనా గిన్నెలో చుక్కలు తగ్గలేదు. రెండోసారి వచ్చి, "నేలంతా తవ్వి కొత్తగా వెయ్యాల్సిందే, అరవై వేలవుతుంది" అన్నాడు. అవి మా అమ్మాయి కాలేజీ ఫీజుకని తీసి ఉంచిన డబ్బులు. మావారు సరేనంటున్నారు. కింద పిన్నిగారేమో మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. వాళ్లబ్బాయి అసోసియేషన్ మీటింగులో మా పేరు ఎత్తుతానన్నాడట. డబ్బు కంటే ఆ మొహం తిప్పుకోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ రాత్రి ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలికి ఫోను చేశాను. చలిదేశం కదా, అక్కడ గదిగదికీ గోడన ఇనుప రేకు పెట్టెలాంటిది బిగించి ఉంటుంది. రేడియేటరంటారు. బాయిలరులో కాగిన నీళ్లు గొట్టాల్లో తిరిగి దాంట్లోకి వస్తే గది వెచ్చబడుతుంది. అది కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందన్నమాట. హీటింగు ఆపి, చల్లారాక, పక్కనున్న చిన్న మరను తాళంచెవిలాంటి దానితో కాస్త తిప్పితే గాలి బుస్సుమని పోతుంది. నీటిచుక్క కనబడగానే బిగించెయ్యాలి. తర్వాత బాయిలరు ముల్లు ఎక్కడుందో చూసుకోవాలి. వాళ్లింటిదైతే చల్లగా ఉన్నప్పుడు 1కీ 1.5 బారుకీ మధ్య ఉండాలిట. ప్లంబరు కోసం రోజుల తరబడి కాచుకోలేక ఇవన్నీ అదే నేర్చుకుంది. చిన్నప్పుడు బావిలో చేద వెయ్యడానికి భయపడ్డ పిల్ల! నా గోలంతా విని, "అక్కా, నీళ్లు ఏ గొట్టంలోంచి వస్తున్నాయో ఎవరైనా చూశారా?" అంది. ఎవరూ చూడలేదు.

ఇంట్లో గొట్టాలు రెండు రకాలు. మేడ మీది ట్యాంకు నుంచి కొళాయికి నీళ్లు తెచ్చేవి ఒకటి, వాడిన నీళ్లు బయటికి పంపేవి రెండోది. మొదటి దాంట్లో ఎప్పుడూ నీటి ఒత్తిడి ఉంటుంది కనక అది చిల్లుపడితే మనం స్నానం చేసినా చెయ్యకపోయినా, రేయింబవళ్లు కారుతూనే ఉంటుంది. రెండో దాంట్లో లోపమైతే వాడినప్పుడు కారి, వాడనప్పుడు తగ్గుతుంది. తేడా ఇంతే.

పొద్దున్నే కిందకి వెళ్లి తలుపు తట్టాను. "పిన్నిగారూ, మూడు రోజులు నాతో సహకరించండి. గిన్నె ఎంతసేపటికి నిండుతుందో కాస్త చూసి చెప్పండి" అన్నాను. ఆవిడ మొదట ముభావంగానే ఉన్నారు. అయినా గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాకు రెండో స్నానాలగది ఉంది కాబట్టి ఒక రోజల్లా ఆ గదిలో చుక్క నీరు పొయ్యలేదు. గిన్నె ఎప్పటిలాగే నిండింది. అంటే తూముదీ కాదు, టైళ్లదీ కాదు. నా నాలుగు వేలు నీళ్లపాలు! రెండో రోజు మేడ మీద ఆ గదికొచ్చే వాల్వు కట్టేశాం. మధ్యాహ్నానికి చుక్కలు ఆగాయి. మూడో రోజు ఆ వాల్వు తెరిచి, గీజరు స్విచ్చి ఆపేసి, గీజరులోకి నీళ్లు వెళ్లే చిన్న వాల్వు ఒక్కటే కట్టాను. కాసేపటికి పిన్నిగారు కింద నుంచే, "అమ్మాయ్, ఆగిపోయిందే!" అని కేక వేశారు. చన్నీళ్ల గొట్టం తెరిచే ఉంది, వేణ్ణీళ్ల గొట్టానికి నీరు ఆగింది, చుక్క ఆగింది. ఇంకేం కావాలి? గీజరుకీ కొళాయికీ మధ్యనున్న మూరెడు గోడలోనే ఉంది దొంగ.

ఒకవేళ వాడినప్పుడే చెమ్మ పెరిగేటట్లయితే తూమును అనుమానించాలి. బకెట్టు నీళ్లలో రంగు కలిపి తూములో పోసి, కింద మరక రంగు మారుతుందేమో చూస్తారు. అది మాకు అవసరం రాలేదు.

గోడ తవ్విస్తే లోపల పాత ఇనుప గొట్టం, వంపు దగ్గర తుప్పుపట్టి చేత్తో నలిపితే రాలిపోయింది. ఆ గొట్టాలకు పైన జస్తా పూత ఉంటుంది గానీ, మర కోసిన చోట పూత తెగిపోతుంది. తుప్పు అక్కడే మొదలవుతుందట. దాని స్థానంలో సి.పి.వి.సి. గొట్టం వేయించాం. ఇక్కడ జాగ్రత్త! చన్నీళ్లకు వాడే మామూలు పి.వి.సి. గొట్టం వేణ్ణీళ్లకు మెత్తబడిపోతుంది. చవకగా వస్తుందని ఎవరైనా అదే పెట్టబోతే ఒప్పుకోకండి. అతికించాక జిగురు ఆరేదాకా నీళ్లు వదలనివ్వకండి. ఇంకో మాట. టైలు మూసేముందు నీళ్లు వదిలి ఒక రాత్రైనా అలాగే ఉంచమనండి. పొద్దున అతుకుల చుట్టూ పాత న్యూస్‌పేపరు ముక్క ఆనించి చూడండి, తడిస్తే తెలిసిపోతుంది. మూసేముందు గోడకి ఫోటో కూడా తీసుకోండి. కొలత తెలిసేలా పక్కన కుట్టుమిషను టేపు వేలాడదీస్తే మరీ మంచిది. రేపు అద్దమో అలమరో బిగించడానికి మేకు ఎక్కడ కొట్టకూడదో ఆ ఫోటోయే చెబుతుంది.

ఇక కారే కొళాయి. ఇక్కడివాళ్లు నల్లా అంటారు లెండి. సెకనుకి ఒక చుక్క కారినా రోజుకి లీటర్ల కొద్దీ నీళ్లు పోతాయి. నమ్మకం లేకపోతే రాత్రి కింద చెంబు పెట్టి చూడండి. పాతరకం కొళాయి అయితే వాల్వు కట్టేసి, పిడి కిందనున్న నట్టును పానాతో విప్పి, లోపలి అరిగిన వాషరు తీసి, దుకాణంలో అదే చూపించి కొత్తది తెచ్చి వెయ్యడమే. ఊరికే బలంగా తిప్పి కట్టేస్తే వాషరు ఇంకా తొందరగా అరుగుతుంది. ఇప్పటి పావుచుట్టు కొళాయిల్లో రబ్బరు వాషరు ఉండదు, లోపలి భాగం మొత్తంగా మార్చాలి. మర చోట కారితే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర కొన మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. నేను రెండుసార్లు అలాగే చేశాను, మావారు నవ్వారు కూడాను.

చెయ్యకూడనివీ ఉన్నాయి. గీజరు విప్పకండి. వేడెక్కేటప్పుడు దాని సేఫ్టీ వాల్వులోంచి కాస్త నీరు చెమ్మగిల్లడం మామూలే, కారుతోంది కదా అని దాన్ని మూసేశారో ప్రమాదం. చెమ్మ పట్టిన గోడ మీద స్విచ్చిబోర్డు ఉంటే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇందులో ధైర్యం చూపించే పని లేదు.

మాకు మొత్తం ఏడు వేల లోపే అయింది, వైట్ సిమెంటు నాలుగు వేలు కాక. పిన్నిగారింటి కప్పు ఆరడానికి నెల పైనే పట్టింది. ఆరకుండా రంగు వేస్తే మళ్లీ ఊడుతుందని ఆగి, దసరాకి మేమే వేయించాం. వ్రతం నాటికి ఆ గిన్నె అక్కడే ఉండడం వల్ల ఆవిడ కలశం మా ఇంట్లో పెట్టుకున్నారు. ఇద్దరం కలిసే చేసుకున్నాం. ఈ ఏడు ఎవరింట్లో అన్నది ఇంకా తేలలేదు.

టైమైందని అద్దాల అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు.