ఒంటి బరువు – ఊరి బాధ్యత
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములకు వచ్చి ఆరోగ్యమును గూర్చి మాటలాడువారు సాధారణముగా మంచినీరు, మురుగు కాలువలు, దోమలు, టీకాలు మున్నగు విషయములను ప్రస్తావింతురు. అవి యన్నియు ముఖ్యములే. నేడు మేము వేఱొక విషయమును మీ ముందుంచ దలచితిమి. అది ఒంటి బరువు. "ఇది పట్టణవాసుల చింత గాని పల్లెటూరి వారి కెందుకు?" అని మీలో కొందఱు చిఱునవ్వు నవ్వుచుండవచ్చును. ఆ నవ్వునకు ముందుగా అంకెలతో సమాధానము చెప్పెదము.

2019–21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటె అధికమైన బరువు కలవారని అందు తేలినది. పట్టణములను విడిచి గ్రామములను మాత్రమే లెక్కించినను వారు దాదాపు మూడవ వంతు కలరు. తెలంగాణమున స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది ఇట్టివారే. మఱియు 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి పరిశీలన ప్రకారము దేశమున 10 కోట్ల మందికి పైగా మధుమేహము, అనగా చక్కెర వ్యాధి, కలదు. ఒంటి బరువు, అందును నడుము చుట్టు పేరుకొనిన కొవ్వు, ఈ వ్యాధికి రాచబాట వంటిది. రక్తపు పోటు, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఆ బాటనే వచ్చుచున్నవి.

ఈ వ్యాధులు కుటుంబమును ఎట్లు క్రుంగదీయునో మీరెఱుగుదురు. నలువది యైదేండ్ల ఇంటి యజమానికి కాలి పుండు మానదు, చూపు మందగించును, పొలమున గంటసేపు నిలువలేడు. మందుల ఖర్చునకై ముందు పాడిగేదె పోవును, పిదప అప్పు వచ్చును. ఇట్టి ఇల్లు నేడు ప్రతి గ్రామమునందును ఒకటి కాదు, అనేకములు కలవు. కావున ఇది సౌందర్యమునకు సంబంధించిన ముచ్చట గాదు. ఊరి సంపాదనకును, ఊరి పనిశక్తికిని సంబంధించిన విషయము.

ఇంతకు ఈ బరువు ఎట్లు వచ్చినది? మన వారు సోమరులై పోయిరనుట న్యాయము గాదు. తిండిపోతులనుటయు న్యాయము గాదు. పని మారినది, పళ్లెము మారినది. ఈ రెండు మార్పులును ఇంచుమించు ఒకే తరములో వచ్చినవి.

ముందు పనిని చూతము. నాగలితో ఎకరము దున్ను రైతును తలచుకొనుడు. చాలునకు చాలునకు నడుమ జానెడు దూరమనుకొన్నచో, ఎకరము ముగియు నప్పటికి ఆతడు ఎడ్ల వెంట సుమారు 17 కిలోమీటర్లు నడచి యుండును. నేడు ఆ ఎకరమును ట్రాక్టరు దున్నుచున్నది; రైతు గట్టుపై నిలచి చూచుచున్నాడు. ఇంటియందు రోకలి పోయి మర వచ్చినది. తిరగలి పోయి మిక్సీ వచ్చినది. బావినుండి బిందె మోయుట తగ్గి కొళాయి వచ్చినది. ఇవి యన్నియు మంచి మార్పులే. స్త్రీల నడుములు విఱిగిన ఆ చాకిరి మరల రావలెనని ఎవ్వరును కోరరాదు. అయితే యంత్రము మన చాకిరిని తీసికొన్నది గాని మన ఆకలిని తీసికొనలేదు. పని తగ్గినను అన్నపు రాశి తగ్గలేదు.

ఇక పళ్లెమును చూతము. రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణమున జొన్నరొట్టె, గటక, ఉత్తరాంధ్రమున చోడి అంబలి – ఇవి మన పెద్దల ఆహారములు. నాడు వరి అన్నము అనేక గృహములలో పండుగ వంటకము. 1983లో ప్రారంభమైన రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము పేదల ఆకలిని తీర్చిన గొప్ప కార్యము. ఆకలి తీరుట ప్రథమ ధర్మము. కాని కాలక్రమమున తెల్లని మర బియ్యమే మూడు పూటల తిండి యైనది. ప్రక్కనున్న పప్పు, ఆకుకూర చిన్నవైనవి. వాటికి తోడు నూనె, చక్కెర, బజ్జీలు, శీతల పానీయములు కిరాణా కొట్టు దాకా వచ్చినవి. ఇంటికి వచ్చిన అతిథికి ఒకప్పుడు మజ్జిగ నిచ్చెడివారము. నేడు రెండు చెంచాల చక్కెరతో టీ ఇచ్చుచున్నాము.

"కూర్చుండి తినిన కొండలైనను కరగును" అని సామెత కలదు. కొండల మాట యెట్లున్నను, కూర్చుండి తినువాని ఒడలు మాత్రము కరుగదు, పెరుగును!

ఎవరికి ఎంత బరువు తగును? దీనికి సులభమైన లెక్క కలదు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుయొక్క వర్గముచే భాగింపవలెను. మన దేశీయులకు ఆ సంఖ్య 23 దాటినచో జాగ్రత్తపడవలెను. 25 దాటినచో స్థూలకాయమని వైద్యులు చెప్పుదురు. ఉదాహరణకు, 160 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తి 59 కిలోలు దాటిన పిదప మేలుకొనవలెను. 64 కిలోల వద్ద హద్దు దాటినట్లు. ఈ లెక్క కష్టమనుకొన్నచో కొలత టేపు చాలును. పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. కాళ్లు చేతులు సన్నముగా నుండి పొట్ట మాత్రము ముందుకు వచ్చిన మనిషి "నేను లావు గాను" అని నిశ్చింతగా నుండరాదు. మన దేశీయులలో అట్టి శరీరము సామాన్యము. అపాయమును అందే కలదు.

బరువు తగ్గించుకొనుటకు మార్గమేమి? మొదట చేయగూడనివి చెప్పెదము. "లంఖణము పరమౌషధము" అన్న మాటను పట్టుకొని పూటలకు పూటలు పస్తులుండుట తగదు. పస్తున్నవాడు మఱుసటి పూట రెండింతలు తినును. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు వైద్యుని అడుగక పస్తున్నచో ప్రాణాపాయమే కలుగవచ్చును. నెలలో పది కిలోలు తగ్గింతుమని ప్రకటించు పొడులను, కషాయములను నమ్మి ధనమును పోగొట్టుకొనరాదు. మందులు, ఇంజెక్షన్లు అవసరమైనచో వైద్యుడే వ్రాయవలెను. గర్భవతులు, పాలిచ్చు తల్లులు బరువు తగ్గు ప్రయత్నము చేయరాదు. ఏ ప్రయత్నమును లేకుండ బరువు దానంతట అదే తగ్గుచున్నచో సంతోషింపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. అది క్షయకు గాని మధుమేహమునకు గాని గుర్తు కావచ్చును.

ఇక చేయవలసినవి. ఇవి కొలది, ఖర్చు లేనివి.

మొదటిది అన్నపు కొలత. నూఱు గ్రాముల బియ్యమునందు సుమారు 350 కెలోరీల శక్తి కలదు. పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటల బియ్యము తగ్గించి, ఆ చోటును కూరగాయలతోను, పప్పుతోను నింపవలెను. కూర పళ్లెమునకు అంచున నుండు అలంకారము గాదు; అది పళ్లెములో సగము కావలెను. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలతో కలిపి దినమునకు 400 గ్రాముల కూరగాయలు తినుమని చెప్పుచున్నది.

రెండవది నూనె. ఆ సంస్థ లెక్క ప్రకారము మనిషికి దినమునకు 27 గ్రాములు చాలును. అనగా నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 3 కిలోలకు కొంచెము పైన. మీ ఇంట నెలకు ఎన్ని పొట్లములు ఖర్చగుచున్నవో నేడే లెక్కించి చూడుడు. ఉప్పు కూడ మనిషికి దినమునకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయ ప్రియులు దీనిని గుర్తుంచుకొనవలెను.

మూడవది చక్కెర. దినమునకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల చొప్పున త్రాగువాని కడుపులోనికి 40 గ్రాముల చక్కెర పోవుచున్నది. అవి 160 కెలోరీలు. టీలు రెండు చేసి, చక్కెర చెంచా చేసినచో ఇందు నాలుగింట మూడు వంతులు మిగులును.

చిఱుధాన్యములను గూర్చి ఒక మాట. 2023ను అంతర్జాతీయ చిఱుధాన్యముల సంవత్సరముగా జరుపుకొన్న పిదప కొఱ్ఱలు, సామలు, రాగులపై ఆదరము పెరిగినది. మంచిదే. వాటియందు పీచు పదార్థము హెచ్చు, కడుపు నిండినట్లుండును. అయితే వాటిలోని శక్తి బియ్యమునకు ఇంచుమించు సమానమే. సంకటి గదా యని రెండు ముద్దలకు నాలుగు ముద్దలు తినినచో బరువు తగ్గదు.

నాలుగవది నడక. వారమునకు 150 నిమిషములు తగ్గక చుఱుకైన నడక గాని, తత్సమానమైన శ్రమ గాని ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. అనగా వారమునకు ఐదు దినములు, దినమునకు అరగంట. నడచుచు మాటలాడ గలుగవలెను, పాట మాత్రము పాడలేకపోవలెను. అదియే చుఱుకైన నడకకు గుర్తు. నడచునప్పుడు గుండెలో నొప్పి గాని ఆయాసము గాని కలిగినచో ఆగి వైద్యుని చూడవలెను. ఇచట ఒక సత్యమును దాచరాదు. అరగంట నడకతో ఖర్చగు శక్తి, పెద్ద చెంచాడు నూనెలో నున్న శక్తికి సమానము. నడచి వచ్చి దారిలో నాలుగు బజ్జీలు తినినచో లెక్క తలక్రిందులగును. కావున నోరును, కాలును కలసి పని చేయవలెను.

ఇట్లు చేసినచో నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గును, అది చాలును. తగ్గుట కొన్ని నెలలకు మందగించును. అప్పుడు నిరాశ పడరాదు. 2006లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మధుమేహము అంచున నున్న మన దేశీయులు ఆహారమును, నడకను మార్చుకొనగా, వ్యాధి వచ్చు అవకాశము నాలుగవ వంతుకు పైగా తగ్గినది. అందు విశేషమేమన, వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అనగా త్రాసు ముల్లు కదలకున్నను లోపల మేలు జరుగుచునే యున్నది.

సభ్య మహాశయులారా! ఇంతవరకు చెప్పినది వ్యక్తుల కర్తవ్యము. ఇక పంచాయతీ కర్తవ్యము. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీల కప్పగింపదగిన 29 అంశములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు. "నడువుడు" అని చెప్పుట సులభము. నడుచుటకు దారి యేది? ముఖ్యముగా స్త్రీలకు? పొలము పని తగ్గిన గృహిణి ఉదయమున ఒంటరిగా రోడ్డుపై నడచినచో నలుగురు నవ్వుదురను సంకోచము; చీకటి దారియు, లారీలు, కుక్కలును మఱియొక భయము. ఆమెయే ఇంటిల్లిపాదియు తినిన పిదప, మిగిలిన అన్నము పాడగునని తన పళ్లెములో వేసికొనుచున్నది. కూరయు పప్పును అప్పటికే అయిపోయి యుండును. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నదని ఆ సర్వేయే తెలిపినది. ఒంటిపై కొవ్వు, ఒంటిలో రక్తహీనత – రెండును ఒకే ఇల్లాలియందు ఉండుట ఎంత విచారకరము! ఆమెను చూచి నవ్వుట గాక, ఆమె పళ్లెమునకు కూరను, ఆమె నడకకు దారిని ఇచ్చుట మన విధి.

కావున మీకు ఐదు పనులు సూచించుచున్నాము. పంచాయతీ కార్యాలయమున ఒక త్రాసును, ఒక కొలత టేపును ఉంచుడు. ఊరిలో ఒక కిలోమీటరు దారిని నడక దారిగా నిర్ణయించి, దీపములు వెలుగునట్లును, కంప లేకుండునట్లును చూడుడు. వేకువన ఒక గంట స్త్రీలకై ప్రత్యేకింపుడు. పాఠశాల ఆటస్థలమును ప్రధానోపాధ్యాయుని సమ్మతితో సాయంకాలము యువకులకు తెఱపింపుడు. కబడ్డీ, వాలీబాలు ఆడు పిల్లవాడు సెల్‌ఫోనును కొంతసేపైనను మఱచును. ముప్పది యేండ్లు దాటిన వారందఱును రక్తపు పోటు, చక్కెర పరీక్షలు చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తకు, ఆరోగ్య కేంద్రమునకు తోడ్పడుడు. చివరగా, పంచాయతీ సమావేశములలో బిస్కట్లు, తీపి టీ మాని మజ్జిగ, ఉడికిన శనగలు పెట్టింపుడు.

ఊరిలో బక్కచిక్కిన బిడ్డలు, చాలినంత తిండి లేని వృద్ధులు ఇంకను కలరు. వారిని మఱచి ఈ పని చేయుమనుట మా భావము గాదు. ఒకరికి కొఱత, ఒకరికి అధికము – రెండును సరిగాని పళ్లెము ఫలములే. పళ్లెము సరియైనచో రెండును సరియగును.

ఊరివారు సభ్యుల మాటకంటె సభ్యుల నడతను చూతురు. ప్రక్కవీధికి మోటారు సైకిలుపై పోవు సర్పంచి నడకను గూర్చి చెప్పినచో ఎవరు విందురు? కావున రేపటి వేకువన మీరే ముందుగా చెప్పులు తొడిగి బయలుదేరుడు. మొదటి దినమున మీ వెంట ఒక్కరే రావచ్చును. నెల దాటునప్పటికి నలుగురగుదురు. అటుపై దారి యే జనమును పిలుచును.