మూగవోయిన టెల్‌స్టార్ జాడ

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



మీ గ్రామములలో ఇండ్ల కప్పులపై టెలివిజన్ డిష్‌లను చూచుచున్నారు. వానిని ఒకసారి సరిచూచి బిగించినచో మరల కదల్పవలసిన పని లేదు. అవి చూచుచున్న ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమముగా తిరుగుచు, మనకు ఒకేచోట నిలిచినట్లుండును. తొలినాళ్ళలో ఈ సదుపాయము లేదు. ఉపగ్రహము ఆకాశమున పరుగిడుచుండగా దానిని వెంబడించి డిష్‌ను త్రిప్పవలసి వచ్చెడిది. అట్టివానిలో మొదట పేరు వడసిన టెల్‌స్టార్‌ను గూర్చి మేము నేడు చెప్పదలచితిమి.

అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల వారు దానిని నిర్మించిరి. 1962 జూలై 10వ తేదీన ఫ్లోరిడా తీరము నుండి అది ఎగిరినది. అడ్డుకొలత 88 సెంటీమీటర్లు, బరువు 77 కిలోలు. ఒక పెద్ద మనిషి బరువు మాత్రమే. ఒంటినిండ 3,600 సౌర ఘటములు ఉన్నను వాని నుండి వచ్చు విద్యుత్తు 14 వాట్లు. భూమికి ఒకప్పుడు 950 కిలోమీటర్ల దగ్గరకు వచ్చి, మరియొకప్పుడు 5,900 కిలోమీటర్ల దూరమునకు పోవుచు, 2 గంటల 38 నిమిషములకు ఒక చుట్టు తిరుగును. అమెరికాకును ఐరోపాకును అది ఒక్కసారిగా కనబడునది ఒక్కొక్క చుట్టులో 20 నిమిషములు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలోనే దానిని పట్టుకొని, బొమ్మలను, మాటలను సముద్రము దాటింపవలెను.

పట్టుకొనుట యెట్లు? అమెరికాలోని ఆండోవర్ కేంద్రమున 54 మీటర్ల పొడవుగల బూర వంటి ఏంటెన్నా నిలిపిరి. దాని చూపు మిక్కిలి సన్నము, ఆకాశమున చంద్రబింబములో సగము వెడల్పు. అంత సన్నని చూపుతో ఆకాశమంతయు వెదకిన దొరకునా? తప్పిపోయిన గేదెను మెడగంట విని వెదకినట్లు, ముందుగా ఉపగ్రహము పంపు సన్నని రేడియో సంకేతమును విశాలముగా వినగల చిన్న ఏంటెన్నాలు ఆలకించెడివి. అవి చూపిన దిక్కునకు ఒక చిన్న డిష్ తిరిగి గురిని ఇంకను బిగించెడిది. అటుపిమ్మట పెద్ద బూర దాని నందుకొనెడిది.

ఇంగ్లండులోని గూన్‌హిల్లీ కేంద్రమువారి పద్ధతి వేరు. ముందే గణించిన మార్గమును రంధ్రముల కాగితపు పట్టీపై ఎక్కించి, 26 మీటర్ల డిష్‌ను దాని ప్రకారము త్రిప్పిరి. మొదటి రాత్రి ఫ్రాన్సు వారికి బొమ్మ చక్కగా వచ్చినది, గూన్‌హిల్లీలో సరిగా రాలేదు. రేడియో తరంగము ఏ వైపునకు తిరుగునని చెప్పుటలో మాటకు రెండు అర్థము లుండుటచే, ఒక చిన్న భాగమును తారుమారుగా అమర్చిరి. తీర్మానములు వ్రాయు మీకు ఇట్టి చిక్కు క్రొత్త కాదు.

టెల్‌స్టార్‌ను కూల్చినది మాత్రము ఇట్టి పొరపాటు కాదు. అది ఎగురుటకు ముందునాడే, జూలై 9న, అమెరికా ప్రభుత్వము పసిఫిక్ సముద్రముపై 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల అణ్వస్త్రమును పేల్చినది. అందుండి వెడలిన ఎలక్ట్రానులు భూమి అయస్కాంత క్షేత్రమున చిక్కి అక్కడనే తిరుగసాగెను. ఆ అక్టోబరులో సోవియట్ దేశమును అట్టి పరీక్షలు జరిపినది. పాపము, టెల్‌స్టార్ ప్రతి చుట్టులోను ఆ ఎలక్ట్రానుల నడుమ నుండి పోవలసి వచ్చెను. దాని ట్రాన్సిస్టర్లు చెడి, నవంబరులో ఆజ్ఞలు వినుట మానినది. ఇంజనీర్లు జనవరిలో ఉపాయముతో మేలుకొలిపిరి గాని, 1963 ఫిబ్రవరి 21న శాశ్వతముగా మూగవోయినది. అదే సంవత్సరము ఆగస్టులో వాయుమండలమునందును, అంతరిక్షమునందును, నీటి అడుగునను అణుపరీక్షలను నిషేధించు ఒడంబడిక కుదిరినది. భారతదేశమును అందు సంతకము చేసినది.

మెడగంట పోయినది గాని గేదె పోలేదు. టెల్‌స్టార్ నేటికిని అదే త్రోవను తిరుగుచున్నది. ఉపగ్రహముల పట్టికలో దాని సంఖ్య 340. తానెక్కడ నున్నదో అది చెప్పుకొనలేదు కనుక, భూమి మీది రాడార్లు, దుర్భిణులు వెదకి కనుగొనవలెను. ఒకసారి కనుగొన్న చాలదు. భూమి నడుమ కొంత ఉబ్బుగా నుండుట, సూర్యకాంతి నెట్టుట, దిగువన పలుచని గాలి అడ్డుట వలన త్రోవ కొద్దికొద్దిగా మారును. అడంగల్, పహాణీలను సాగు మారినపుడెల్ల తిరిగి వ్రాసినట్లు ఈ లెక్కనును తిరిగి తిరిగి వ్రాయవలెను. పాత లెక్క నమ్ముకొనిన వానికి అది చెప్పిన చోట ఉపగ్రహము దొరకదు.

ఇంత శ్రమ ఎందుకని మీరడుగవచ్చును. భూమికి దగ్గరగా వచ్చినపుడు దాని వేగము సెకనుకు 8 కిలోమీటర్లు దాటును. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాపై, మూగవోయిన ఒక రష్యా ఉపగ్రహము పనిచేయుచున్న ఒక అమెరికా ఉపగ్రహమును ఢీకొని, రెండును రెండువేల పైచిలుకు తునకలైనవి. మన ఉపగ్రహముల దరికి ఏ వస్తువు ఎప్పుడు రానున్నదో గణించుటకు ఇస్రో వారు 2022లో బెంగుళూరున ప్రత్యేక కేంద్రమును నెలకొల్పిరి.

టెల్‌స్టార్ భూమధ్యరేఖకు ఉత్తరముగను దక్షిణముగను దాదాపు 45 డిగ్రీల వరకు పోవును గనుక, ఆదిలాబాదు మీదుగను, అనంతపురము మీదుగను అది పోవు వేళలు కలవు. ఈ సాయంత్రము శిబిరపు కంప్యూటరులో 340 సంఖ్యను వేసి, మీ మండలముపై ఏ గడియకు వచ్చునో చూపెదము. తలయెత్తి చూచినను కంటికి ఆనదు సుమా.