కుక్క మెదడుకూ కరోనా దెబ్బ

ఇంట్లో మనిషి మంచాన పడితే కాళ్ళ దగ్గరే ముడుచుకుని పడుకుంటుంది కుక్క. ఆ మనిషికి వచ్చింది కరోనా అయితే, అది కుక్కకూ అంటవచ్చు. 2020లో హాంకాంగ్‌లో ఒక పెంపుడు కుక్కకు యజమాని నుంచి ఇలాగే సోకింది.

సోకినా చాలా కుక్కల్లో పైకి ఏమీ కనిపించదు. అయితే దక్షిణ కొరియా పరిశోధకులు బీగిల్ జాతి కుక్కల ముక్కుల్లోకి డెల్టా రకం వైరస్ ఎక్కించి చూశారు. పైకి జబ్బు లక్షణాలు లేవు. మెదడులో మాత్రం వాపు కనిపించింది. రక్తంలోని చెడును మెదడులోకి రానీయకుండా కాపలా కాసే పొర కూడా దెబ్బతిన్నది. పరీక్షించినవి కొద్ది కుక్కలే. కనుక సోకిన ప్రతి కుక్కకూ ఇలాగే అవుతుందని బెంగపడకండి.

మీకు కరోనా వస్తే కుక్కకు తిండి మరొకరి చేత పెట్టించండి. ముఖం నాకనివ్వకండి. భయపడి వీధిలోకి మాత్రం తోలేయకండి.

ఒక్క హెచ్చరిక. కుక్క తూలుతున్నా, మూర్ఛపోతున్నా, చొంగ కారుస్తున్నా కరోనా అనుకుని ఊరుకోకండి. ముందు అనుమానించవలసినవి రేబిస్, డిస్టెంపర్. దాని నోటి దగ్గర చేయి పెట్టకుండా వెంటనే పశువైద్యుడికి కబురు పంపండి. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్ళతో పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి.