హాకీ కర్ర, బేస్ డ్రమ్ము
మా నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు వైపు ఎక్కడ చూసినా క్రికెట్టే. నాకు మాత్రం హాకీ అంటే ప్రాణం. హైదరాబాదు ముఖేష్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడాడు. భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా బిడ్డ. గంటకు వంద కిలోమీటర్లు దాటి దూసుకొచ్చే డ్రాగ్‌ఫ్లిక్ బంతికి అడ్డంగా కాలి ప్యాడ్ పెట్టాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! 2021లో సందీప్ కిషన్ హీరోగా వచ్చిన హాకీ సినిమా ‘ఏ1 ఎక్స్‌ప్రెస్’లో ఆ వేగం ఇంకాస్త చూపించాల్సింది. ఆ బంతికి ఎదురు నిలిచినట్టే, రాక్ సంగీతమూ ఎదురుగా నిలబడే వినాలి. బేస్ డ్రమ్ము మోగితే ముందు ఛాతీ అదురుతుంది, తర్వాతే చెవికి తెలిసినట్టుంటుంది. గాయకుడు ఎస్పీ బాలు గారి నెల్లూరు కదా ఇది! తిరునాళ్ల నిర్వాహకులారా, పాటకచేరీలో మన కుర్రాళ్ల రాక్ బ్యాండుకూ ఒక అరగంట ఇప్పించండి.