బ్రేకులు లేని పందెము

బ్రేకులే లేని మోటారు సైకిళ్ళపై సాగు స్పీడ్‌వే పందెమును గూర్చి నేడు ముచ్చటింతుము. నలుగురు పోటీదారులు మలుపులలో వెనుక చక్రమును పక్కకు జారనిచ్చుచు, అండాకారపు బాటను నాలుగుమార్లు చుట్టివత్తురు.

1928 ఫిబ్రవరి 19న లండను చెంత హైబీచ్‌లో జరిగిన పోటీతో ఈ క్రీడ బ్రిటనులో ప్రజాదరణ పొందినది. కవెంట్రీ యువకుడు టామ్ ఫార్న్‌డన్ 1933లో స్టార్ ఛాంపియన్‌షిప్ గెలిచి మేటి అనిపించుకొనెను.

1935 ఆగస్టు 28 రాత్రి న్యూక్రాస్‌లో, ఆ ఛాంపియన్‌షిప్‌తో సంబంధము లేని ఒక సామాన్య పందెమున, అతని జట్టువాడే అయిన రాన్ జాన్సన్ ముందు పడిపోయెను. ఫార్న్‌డన్ ఆ వాహనమును ఢీకొనెను.

మరునాడు వెంబ్లీలో స్టార్ ఫైనల్ జరిగినది. ఫ్రాంక్ చార్ల్స్ గెలిచెను. ఆ మరునాడు ఫార్న్‌డన్ కన్నుమూసెను. అప్పటికతనికి 24 ఏండ్లు. సాహసమును మెచ్చు మనము దాని వెలను మరువరాదని మేము తలంతుము.